సంగటికి ఊరిబిండి, ఆకుకూరకు పులుపు: మన తిండిలోని జతలు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏటా ఈ సమావేశంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చెప్పుకుంటాం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. మాకిచ్చిన కాసేపట్లో ఇంకో లెక్క చెబుదామని సంఘంలో అందరం కలిసి అనుకున్నాం. అది మన పొట్ట లెక్క. ఏ పుస్తకంలోనూ రాయని లెక్క అది.

ఈ మాట ఎందుకు ఎత్తుకున్నామంటే, పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒక అక్క ఉపాధి పనిలో మట్టి గంప ఎత్తుతూ కళ్లు తిరిగి కూలబడింది. అందరం ఎండదెబ్బ అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకుపోతే రక్తం చూసి, ఎండ ఒక్కటే కాదమ్మా, ఒంట్లో రక్తం తక్కువగా ఉంది అన్నారు. ఆ వారం మీటింగులో పొదుపు రాసుకున్నాక ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగాం. "నిన్న పొద్దున పనికి పోయే ముందు ఏం తిన్నావు?" అని. ఎక్కువ మంది "టీ తాగినా" అన్నారు. ఇంకేం తిన్నావంటే నవ్వేసి ఊరుకున్నారు. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క గ్లాసు టీ మీదనే తట్టలు మోస్తున్నామన్నమాట.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. 2019-21లో దేశమంతా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. అంటే ఈ పందిట్లో మన పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఉన్నట్టే లెక్క. గర్భిణి కాని ఆడమనిషికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11కి తగ్గకూడదు. మన పాస్‌బుక్కులో ఎంత ఉందో మనకు నోటికి వచ్చు. మన రక్తం ఎంత ఉందో ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీరే చూసుకోండి.

ఆ రోజుల్లోనే ఊరికి ఒకాయన బలం పొడి డబ్బాలు అమ్మడానికి వచ్చాడు. నెలకు ఒక డబ్బా తాగితే నీరసం పోతుందన్నాడు. సంఘంలో అప్పు తీసుకుని కొందామా అని కూడా కొందరు అడిగారు. అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దామె ఒక మాట అనింది. "మేము పొద్దున్నే ఊరిబిండి వేసుకుని ఒక ముద్ద సంగటి తిని పోతే మబ్బు పడేదాకా కలుపు తీసేవాళ్లం. మాకు ఏ డబ్బా ఉండేది?" అని. ఆ మాట పట్టుకుని, మన పెద్దవాళ్లు ఏ తిండిని దేనితో జత చేసి తిన్నారో, ఆ జతలో ఉన్న సంగతి ఏమిటో ఏఎన్ఎంను, అంగన్‌వాడీ టీచరును అడిగి తెలుసుకున్నాం. మీకు చెప్పాలనుకున్నది అదే.

మొదటి జత సంగటి, ఊరిబిండి. మన అనంతపురం సీమలో ఈ రెండూ అన్నాచెల్లెళ్ల మాదిరి. రాగుల్లో ఎముకకు కావలసిన సున్నం, అదే కాల్షియం, బాగా ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటే, అంతే బరువు తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. పీచు కూడా ఎక్కువ కాబట్టి ముద్ద తింటే ఆకలి తొందరగా వేయదు, విరేచనం సాఫీగా అవుతుంది. కానీ రాగుల్లో కండ పట్టించే మాంసకృత్తులు తక్కువ, నూనె మరీ తక్కువ. ఆ లోటు తీర్చేవి మన చేలో పండే చెనిక్కాయలు. వాటి విత్తనాల్లో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులు, నూటికి 40 పాళ్ల దాకా నూనె ఉంటాయి. వేయించిన విత్తనాలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో నూరితే ఊరిబిండి. ముద్దలో లేనిది బిండిలో ఉంది, బిండిలో లేనిది ముద్దలో ఉంది. అందుకే జత.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బూజు పట్టిన, నల్లబడిన, ముడుచుకుపోయిన విత్తనాలను ఏరి పారేయాలి. మంచివి అంగడికి పంపి, తాలు విత్తనాలు ఇంట్లోకి ఉంచుకోవడం మనకు అలవాటు. ఆ బూజులో ఉండే విషం కాలేయాన్ని చెడగొడుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

రెండో జత అంబలి, మజ్జిగ, ఎర్రగడ్డ. రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి మూత పెట్టి పులవనిస్తాం. పొద్దున ఉడకబెట్టి, ఆరిన తర్వాత మజ్జిగ, ఉప్పు కలుపుతాం. ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగుతాం. రాత్రంతా నానబెట్టడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. రాగుల్లో ఉన్న ఇనుమును, సున్నాన్ని ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుకునే పదార్థం ఒకటి గింజలోనే ఉంటుంది. నానినప్పుడు, పులిసినప్పుడు, మొలకెత్తినప్పుడు అది తగ్గుతుంది. మజ్జిగ కడుపుకు తేలిక. పాలు పడనివాళ్లలో చాలామందికి మజ్జిగ పడుతుంది. ఎండలో చెమటగా పోయిన ఉప్పూ నీళ్లూ కూడా అంబలితో తిరిగి వస్తాయి. టీ నీళ్లు ఇవేవీ ఇవ్వలేవు.

చద్దన్నం కూడా ఈ వరసలోదే. రాత్రి మిగిలిన అన్నం ఆరగానే నీళ్లు పోసి మూత పెట్టి, పొద్దున మజ్జిగ కలుపుకుని తింటే కడుపు చల్లగా ఉంటుంది. అయితే అన్నాన్ని నీళ్లు పోయకుండా వేడిలో అలాగే వదిలేసి మరుసటి రోజు తినడం చద్దన్నం కాదు, అది పాడైన అన్నం. జిగురు సాగినా, వాసన వచ్చినా పశువుల తొట్టిలో వేసేయాలి. చద్దన్నం పొద్దున్నే తినాలి, మధ్యాహ్నం దాకా ఉంచకూడదు.

మూడో జత ఆకుకూర, పులుపు. రక్తం తక్కువైన మనందరికీ ఇది ముఖ్యం. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఇనుము ఉంది. కానీ మాంసంలోని ఇనుము పట్టినంత సులువుగా ఇది ఒంటికి పట్టదు. దానికి తోడు కావాలి. ఆ తోడు సి విటమిన్. నిమ్మ, ఉసిరి, జామ, టమాటా, పచ్చిమిరపకాయ, కొత్తిమీరలో అది ఉంటుంది. తోటకూర పప్పు దించిన తర్వాత అర చెక్క నిమ్మకాయ పిండుకోవాలి. పొయ్యి మీద ఉండగా పిండితే ఆ విటమిన్ వేడికి చాలావరకు పోతుంది. నిమ్మ దొరక్కపోతే అన్నంలోకి పచ్చి టమాటా ముక్కలు, లేదంటే తిన్నాక ఒక జామకాయ. జామచెట్టు మన పెరట్లోనే ఉంటుంది, కాయలు మాత్రం పిల్లలు, చిలకలు తింటాయి.

ఆకుకూరకు ఇంకో జత తిరగమాత. ఆకుల్లో ఉండే కంటికి మేలు చేసే పదార్థం కొంచెం నూనె ఉంటేనే ఒంటికి చేరుతుంది. అందుకని ఒక చెంచా నూనెతో తిరగమాత వేయడమో, ఆకుకూరలో చెనిక్కాయ పొడి చల్లడమో వృథా కాదు.

జత కానిది కూడా చెప్పాలి. అన్నానికి టీ జత కాదు. టీలో ఉండే వగరు పదార్థం తిండిలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. అన్నం తినడానికి గంట ముందు, తిన్నాక గంట దాకా టీ, కాఫీ వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో కూడా ఉంది. టీ మానేయమని మేము అనడం లేదు. మేమూ తాగుతాం. తిండికీ టీకీ మధ్య గంట ఎడం పెట్టండి, అంతే. ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రను కూడా టీతోనో పాలతోనో మింగకండి. నీళ్లతో గానీ నిమ్మకాయ నీళ్లతో గానీ మింగండి.

నాలుగో జత గింజ, పప్పు. అన్నంలోకి కందిపప్పు, జొన్నరొట్టెలోకి అలసందలు, కొర్రన్నంలోకి ఉలవచారు. మాంసకృత్తులనేవి చిన్న చిన్న ముక్కలు కలిసి అయినవట. బియ్యం, జొన్నల్లో ఒక రకం ముక్క తక్కువ, అది పప్పుల్లో బాగా ఉంది. పప్పుల్లో ఇంకో రకం తక్కువ, అది గింజల్లో ఉంది. రెండూ కలిస్తే మాంసం, గుడ్డు రోజూ కొనలేని ఇంట్లో కూడా ఒంటికి కావలసిన కండ దొరుకుతుంది. మూడు పాళ్ల గింజలకు ఒక పాలు పప్పు ఉంటే మంచిది. అంటే మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు. మన ఇళ్లలో పప్పు అంత చిక్కగా ఉంటోందా? నలుగురు తినే ఇంట్లో గుప్పెడు బ్యాళ్లు వేసి చెంబుడు నీళ్లు పోస్తే అది పప్పు కాదు, పప్పు వాసన.

పప్పు తింటే కడుపు ఉబ్బరం అనేవాళ్లు ఉన్నారు. దానికీ పెద్దవాళ్లు జత చెప్పారు. పప్పులో ఇంగువ, జీలకర్ర, శనగపిండి వంటలో వాము, పెసరట్టులోకి అల్లం. ఉలవలు, అలసందలు, శనగలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లతో మెత్తగా ఉడికిస్తే ఉబ్బరం బాగా తగ్గుతుంది.

ఐదో జత చెనిక్కాయ విత్తనాలు, బెల్లం. నువ్వులు, బెల్లం కూడా అంతే. పని మధ్యలో నీరసం వస్తే గుప్పెడు విత్తనాలు, చిన్న బెల్లం ముక్క. బెల్లం వెంటనే శక్తినిస్తుంది, విత్తనాలు ఆ శక్తిని కొంతసేపు నిలబెడతాయి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు పంచేదీ ఎండలు ముదిరే రోజుల్లోనే. మిరియాలు, సొంఠి వేసిన బెల్లం నీళ్లు, నానిన పెసరపప్పు. పండగ పేరుతో వచ్చిన ఆ జతను ఎండాకాలమంతా వాడుకోవచ్చు. కానీ బెల్లం తింటేనే రక్తం పడుతుందని నమ్మి మాత్రలు మానేయకండి. బెల్లంలో ఇనుము కొంచెమే, మిగతాదంతా చక్కెరే. షుగరు ఉన్నవాళ్లకు చక్కెర ఎంతో బెల్లమూ అంతే. వాళ్లు రాగి అయినా సరే పల్చటి జావ గ్లాసులకు గ్లాసులు తాగకుండా, చిన్న ముద్దను పప్పుతో, కూరతో కలిపి తినాలి. పసిపిల్లలకు విత్తనాలు గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి పెట్టండి.

మరి ఇంత మంచి జతలు ఎట్లా విడిపోయాయి? మేము ఎవరినీ తప్పు పట్టడం లేదు. చెనిక్కాయకు డబ్బు వస్తుందని రాగి, కొర్ర, జొన్న వేసే చేలలో చెనిక్కాయ వేసుకున్నాం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువు సీమలో ఆ బియ్యం ఎంతమంది ఆకలి తీర్చిందో మన అమ్మలను అడిగితే చెబుతారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. అన్నం తినడం గౌరవం అయింది, సంగటి తినడం పేదరికం అయింది. ఇంగ ఇప్పుడు చూడండి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పట్నంలో హోటళ్లలో సంగటి ముద్దను పళ్లెంలో పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మనం నామోషీ అనుకుని వదిలేసిన ముద్దను పట్నంవాళ్లు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

పాతదంతా మంచిదని కూడా మేము అనడం లేదు. బాలింతకు పథ్యం అని పప్పు పెట్టరు, ఆకుకూర పెట్టరు, దాహమైనా నీళ్లు ఇవ్వరు. పాలిచ్చే తల్లికి ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావలసిన సమయంలో కారంపొడి మెతుకులు పెట్టడం మన పాత అలవాటే. దాన్ని మానుకోవాలి. ఇంట్లో అందరూ తిన్నాక చివరన ఆడది తినడం కూడా పాత అలవాటే.

అక్కలారా, అసలు చెప్పాలనుకున్నది ఇదే. మన వంటింట్లో జతలు ఇంకా తెగలేదు. పప్పు చేస్తున్నాం, ఆకుకూర చేస్తున్నాం, గుడ్డు ఉడకబెడుతున్నాం. జత తెగేది మన కంచంలో. మొగాయనకు గట్టి పప్పు వేస్తాం. పిల్లలకు గుడ్డు పెడతాం. అత్తమామలకు పెరుగు పోస్తాం. మనం కూర్చునేసరికి గిన్నె అడుగున అన్నం ఉంటుంది, దానిలోకి నీళ్ల మజ్జిగ, ఇంత ఊరగాయ కారం. అన్నం మనకు వచ్చింది, దాని జత మనదాకా రాలేదు. ఇద్దరిలో ఒకరికి రక్తం తక్కువంటే దానికి కారణాలు చాలా ఉంటాయి. ప్రతి నెలా పోయే రక్తం ఉంది, కడుపులో పురుగులు ఉన్నాయి, వెంట వెంటనే కాన్పులు ఉన్నాయి. కానీ మన చేతిలో ఉన్న కారణం ఈ ఒక్కటే. గరిటె మన చేతిలోనే ఉంది కదా.

అందుకే మా సంఘంలో కొన్ని తీర్మానాలు చేసుకున్నాం. పెద్ద పెద్దవి కావు.

ఒకటి. వడ్డించే ముందు ఇంట్లో అందరితో పాటు మన కంచం కూడా పెట్టి, పప్పు, కూర మన వంతు ముందే తీసిపెట్టుకోవడం. మొదట్లో ఇంట్లో కొందరు ఎగతాళి చేశారు. "ఇదేం కొత్త పద్ధతి?" అన్న అత్తమ్మ ఒకామె, ఇప్పుడు కోడలు ఆలస్యమైతే ఆమె వంతు తనే మూతపెట్టి ఉంచుతోంది.

రెండు. రాగులు అందరం కలిసి మూటగా కొనుక్కోవడం. విడిగా కొనే దానికంటే తక్కువకు వస్తున్నాయి. ఒక్కసారే మిల్లుకు తీసుకుపోయి పట్టించి, కిలోల లెక్కన పంచుకుని, డబ్బు రెండు మీటింగుల్లో కట్టుకుంటున్నాం. ఇది కూడా తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు పెట్టుకున్నాం. డబ్బా అమ్మేవాడికి కట్టాల్సిన డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలంతా అంబలి వస్తోంది.

మూడు. ఉపాధి పనికి పోయేటప్పుడు ఎవరి అంబలి బాటిలు వాళ్లు తెచ్చుకుని, పని మధ్యలో అందరం ఒకచోట కూర్చుని తాగడం. ఒంటరిగా అయితే ఎవరమూ పట్టించుకోం. గుంపుగా అయితే మానేసినవాళ్లను పక్కామె అడుగుతుంది. ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొట్టమొదట మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కూలి డబ్బులు మన చేతికి రావడం అక్కడ మొదలైంది. ఆ కూలి చేసే ఒంటిని చూసుకోవడం కూడా మనమే మొదలుపెడదాం.

నాలుగు. ఏడాదికి రెండుసార్లు సంఘమంతా కలిసి ఆరోగ్య కేంద్రానికి పోయి హిమోగ్లోబిన్ చూపించుకోవడం. తక్కువ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినన్ని రోజులు మాత్రలు వేసుకోవాలి. అంబలి మాత్రకు బదులు కాదు, మాత్ర తిండికి బదులు కాదు. అవి రెండూ కూడా జతే.

ఇక మండల సమాఖ్యను మేము అడిగేది రెండే రెండు. గ్రామ సంఘం మీటింగు ఎక్కడ జరిగినా టీ బిస్కెట్ల స్థానంలో మజ్జిగో, అంబలో, చెనిక్కాయ బెల్లం ఉండలో పెట్టాలి. ఆ ఉండలను మన సభ్యులే చేసి ఇస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. రెండోది, ప్రతి సంఘం మీటింగులో పొదుపు, అప్పు, వసూలు అయ్యాక ఒక్క ప్రశ్న అడగాలి. "నిన్న నువ్వు ఏం తిన్నావు, దేనితో తిన్నావు?" అని. దానికి రిజిస్టరు అక్కర్లేదు, ఫొటో అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఒకరినొకరం అడుగుకుంటే చాలు.

వాయిదా తప్పకుండా అప్పు కట్టడంలో మనకు పేరుంది. ఒక్క సభ్యురాలు కట్టలేకపోతే మిగతావాళ్లం కలిసి కట్టి సంఘం పరువు నిలబెడతాం. ఆ పట్టుదలలో పదో వంతు మన కంచం మీద పెడితే, వచ్చే ఏడాది ఇదే వేదిక మీద వసూలు శాతంతో పాటు, మాత్రలు పూర్తి చేసినవాళ్లెందరో, రక్తం 12 దాటినవాళ్లెందరో కూడా ఒక్కో సంఘం లేచి చెప్పవచ్చు. ఆ లెక్క విని చప్పట్లు కొట్టాలని మాకు ఆశ.

మధ్యాహ్న భోజనానికి వేళయింది. ఈ రోజు భోజనంలో సంగటి, ఊరిబిండి, తోటకూర పప్పు పెట్టించమని అడిగితే సమాఖ్య వాళ్లు ఒప్పుకుని చేయించారు. వాళ్లకు మా కృతజ్ఞతలు. వడ్డించేవాళ్లకు ఒక్క మాట. వంటచేసిన అక్కల కంచాలు కూడా అందరితో పాటే పెట్టండి. నిమ్మచెక్కలు తెచ్చాం, తలా ఒకటి తీసుకోండి. టీ మాత్రం గంట తర్వాత.